ఎవరింట్ల తింటే వాళ్లదే

శంకరయ్య, బీరన్న అన్నదమ్ములు వేరుపడ్డ రోజు ఆ ఇంట్లో పంచకుండా మిగిలింది ఒక్క కుక్కే. సూర్యాపేటలో పాత ఇల్లు వాళ్లది. కింద మూడు గదులు, పైన రెండు గదులు, బయటి నుంచి నిటారుగా ఎక్కే సిమెంటు మెట్లు. కింది భాగం పెద్దవాడు శంకరయ్యకు, పై భాగం చిన్నవాడు బీరన్నకు. పెన్‌పహాడ్ దారిలోని చెలక చెరిసగం. బర్రె కిందికి, దూడ పైకి. రోలు ఒకరికి, రోకలి ఒకరికి రాశారంటే పంపకం ఎంత న్యాయంగా జరిగిందో మీరే అనుకోండి. పెద్దమనిషిగా కూర్చున్న మైసయ్య ఇక లేద్దామని తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. అప్పుడు తోటికోడళ్లిద్దరూ ఒక్కసారే నోరు విప్పారు.

"మరి పింకి?"

పింకి తెల్ల బొచ్చు కుక్క. నక్క మూతి, గుండ్రటి కళ్లు, చేతిలో పట్టేంత ఒళ్లు. బీరన్న భార్య పార్వతిది కోదాడ. అక్కడ వాళ్ల పక్కింటి బట్టల దుకాణం వాళ్లు ముచ్చటపడి ఈ పిల్లను పార్వతికి ఇచ్చారు. తెచ్చిన నెలలోనే పార్వతి కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆర్నెల్ల దాకా రాలేదు. అన్నాళ్లూ దూదివత్తి పాలలో ముంచి దాని నోట్లో పిండింది పెద్దకోడలు దుర్గమ్మ. అందుకని తెచ్చింది నేనంటుంది పార్వతి, సాకింది నేనంటుంది దుర్గమ్మ.

మైసయ్య గడ్డం గోక్కున్నాడు. ఆయన గట్టు తగాదాలు, దారి తగాదాలు చాలా తెంపినవాడు. కుక్క తగాదా రావడం ఇదే మొదటిసారి.

"ఆగుండ్రి. నోరులేని జీవిని పంచెటందుకు మనకేం హక్కున్నది? కట్టేసుడు లేదు, ఎత్తుకపోవుడు లేదు. అది తన కాళ్ల మీద తాను నడిసిపోయి ఎవరింట్ల తింటే వాళ్లదే. ఇగ ఖతం."

భలే తీర్పు అన్నారు అందరూ. కుక్క కడుపుకు న్యాయం అన్యాయం తెలియదన్న సంగతి మాత్రం ఆ పూట ఎవరికీ తట్టలేదు. ఇది ఎనభై ఆరులో మాట.

దుర్గమ్మ చెడ్డదేం కాదు. పొద్దు పొడవకముందే లేచి బర్రె పాలు పిండి, వాకిలి ఊడ్చి, పది మందికి వండి, ఇంకా ఓపిక మిగిల్చుకునే మనిషి. ఆపదొస్తే వాడకట్టులో ముందు పరుగెత్తేది ఆమే. కానీ ఓర్వలేనితనం ఆమెతోపాటే పుట్టింది. చిన్నప్పుడు అక్క కాళ్ల పట్టీలు చూసి వారం రోజులు అన్నం మానేసిందట. పక్కింటి బర్రె తన బర్రెకంటే ఒక గ్లాసు ఎక్కువ పాలిస్తే, ఆ పూట తన బర్రెకు తిట్లూ దాణా కలిపి పెట్టేది. అప్పటిదాకా దిక్కుకొకటిగా తిరిగిన ఆ మంట పార్వతి కాపురానికి వచ్చిన తర్వాత ఒక్కచోట కుదురుకుని కూర్చుంది.

పార్వతి పదో తరగతి పాసైంది. ఒత్తైన జుట్టు, మెత్తటి మాట, "రండి, కూర్చోండి" అనే కోదాడ మర్యాద. అత్త మంచాన పడ్డప్పుడు నీళ్లు పోసి, గుడ్డలు మార్చిందంతా దుర్గమ్మ. కానీ చివరి రోజుల్లో ఆ ముసలమ్మ గంజి తాగితే చిన్నకోడలి చేత్తోనే తాగుతానంది. హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన దుర్గమ్మ కొడుకులు సంచులు కింద పారేసి, "చిన్నమ్మా!" అని అరుచుకుంటూ మెట్లెక్కేవాళ్లు. పండగ చీర పార్వతి కడితే చీర బాగుందనేవాళ్లు. దుర్గమ్మ కడితే ఎంతకు కొన్నావనేవాళ్లు.

"ఈ ఇంట్ల నాదంటూ ఏదున్నా దాని కాళ్లు ఆమె దిక్కే నడుస్తయి కొమురక్కా" అని ఎదురింటి కొమురమ్మతో చెప్పుకుని ముక్కు చీదేది దుర్గమ్మ. పింకి ఒక్కటి తన దిక్కు నడిస్తే చాలనుకుంది. తన చేతి పాలు తాగి బతికిన జీవి. అదన్నా తనను ఎంచుకోవాలి.

ఇక మొదలైంది మేపుడు. తెల్లారేసరికి దుర్గమ్మ వేడి అన్నంలో గడ్డనెయ్యి వేసి, ముద్దపప్పు కలిపి అరుగు మీద పెట్టేది. పింకి తిని, మూతి నాక్కుని, మెట్లెక్కి పోయేది. పైన పార్వతి పాలలో బిస్కెట్లు నానబెట్టి ఉంచేది. అవీ తిని, కిందికి దిగి, ఏమీ ఎరగనట్టు దుర్గమ్మ గడప ముందు ఆకలి మొహం పెట్టుకుని కూర్చునేది.

"అయ్యో బిడ్డా, మీద ఏం పెట్టనేలేదా?" అని దుర్గమ్మ ఇంకో ముద్ద పెట్టేది. అది తిని పైకి పోతే, "కింద నిన్ను మాడుస్తున్నారా తల్లీ?" అని పార్వతి గుడ్డు ఉడకబెట్టేది. ఆదివారాలు కింద మటను కొవ్వు, పైన చేపల పులుసు. రెండిళ్ల చుట్టానికి కూడు లేదంటారు గదా, ఈ చుట్టం విషయంలో ఆ సామెత తలకిందులైంది.

ఏడాది తిరిగేసరికి పింకికి మెడ ఏదో, నడుమేదో తెలియకుండా పోయింది. నడుస్తుంటే పొట్ట నేలను ఊడ్చేది. కొమురమ్మ వాకిట్లో నిలబడి, "దుర్గమ్మా, కుక్కను సాకుతున్నవా, జాతరకు పొట్టేలును మేపుతున్నవా?" అని నవ్వేది. దుర్గమ్మకు ఆ మాట పొగడ్త లాగే వినపడేది. బక్కచిక్కిన కుక్క పెట్టలేని ఇంటికి గుర్తని ఆమె లెక్క, పార్వతి లెక్కా అదే. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ ఒకే బుద్ధి.

మెట్ల మధ్యలో ఒక మలుపు ఉంది. మొదట పింకి ఆ మలుపు దగ్గర ఆగి రొప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు అక్కడే కూలబడి వెనక్కి వచ్చేది. ఒక రోజు ముందు కాళ్లు మొదటి మెట్టు మీద పెట్టింది గానీ వెనక భాగం లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ జారింది. చివరికి మెట్టుకు గదవ ఆనించి పడుకుంది. పైనుంచి చూస్తున్న పార్వతి గబగబా దిగి వచ్చి, ఎత్తుకోబోయి చేతులు చాచింది.

"ఎత్తుకపోవుడు లేదన్నడు మైసయ్య మామ!" అని గడపలోంచి అరిచింది దుర్గమ్మ.

పార్వతి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఆమె మెల్లగా పైకి వెళ్లిపోయింది. ఆ పూట దుర్గమ్మ కడుపు ఎంత చల్లబడిందంటే, పండగా పబ్బమా లేకుండా సేమ్యా పాయసం వండి సగం పింకికే పోసింది. దాన్ని మెట్లెక్కకుండా ఆపింది తన నెయ్యేనని ఆమెకు బాగా తెలుసు. తెలిసీ మర్నాటి నుంచి ఇంకాస్త ఎక్కువే వేసింది. బరువెక్కినకొద్దీ అది తనదే అవుతుంది మరి.

అయినా సంతోషం నిండుగా లేదు. కడుపు నిండాక పింకి వచ్చి మెట్ల కిందే పడుకునేది. పార్వతి గాజుల చప్పుడు వినపడితే చాలు, ఆ లావు మెడ ఎత్తి పైకి చూసి సన్నగా మూలిగేది. ఒళ్లు దుర్గమ్మ దగ్గర, చూపు పార్వతి దగ్గర. ఆ చూపు చూసినప్పుడల్లా దుర్గమ్మకు కంట్లో కారం కొట్టినట్టు ఉండేది.

ఎనభై ఎనిమిదిలో శివరాత్రి దాటగానే ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం పింకి నీళ్ల గిన్నె దాకా నడిచి, మూతి పెట్టకముందే పక్కకు ఒరిగిపోయింది. నాలుక నీలంగా మారింది. దుర్గమ్మ వేసిన కేకకు పార్వతి తడిగుడ్డ పట్టుకుని మెట్లు దూకుతూ వచ్చింది. ఇద్దరూ కలిసి నీళ్లు చల్లారు, విసిరారు. పార్వతి దాని తల ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి పింకి కళ్లు తెరిచి, నాలుక చాపి, పార్వతి చేయి నాకింది. ప్రాణం మీదికి వచ్చిన కుక్క బతికిందని సంతోషపడాల్సిన సమయంలో దుర్గమ్మ ఆ నాలుక వైపే చూస్తూ కూర్చుంది.

శంకరయ్య మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో పని చేసేవాడు. వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండేవాడు. మిల్లు సేటు ఇంట్లో ఇలాంటి కుక్కలే ఉన్నాయని, వాటిని చూసే యోహాను డాక్టరుకు చూపిద్దామని అన్నాడు. పింకిని గంపలో పెట్టి, పైన తువ్వాల కప్పి, మొగుడూ పెళ్లాలు బస్సెక్కారు. కండక్టరు గంప వైపు చూసి అడిగాడు.

"గంపల ఏందమ్మా, కోళ్లా?"

"కోళ్లు గాదు, మా పిల్ల" అంది దుర్గమ్మ.

యోహాను డాక్టరు పెద్దాయన. తెల్ల మీసం, తొందరలేని మాట. పింకిని బల్ల మీద పెట్టి పక్కల వెంట రెండు చేతులూ పోనిచ్చాడు. వేళ్లతో నొక్కి నొక్కి వెతికాడు. తర్వాత బరువు చూసుకుని రమ్మని మిల్లుకు పంపాడు. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద గంపతో సహా పెడితే హమాలీలు పని ఆపి మరీ చుట్టూ చేరారు.

"ఏం రకం వడ్లన్నా ఇవి? బొచ్చు బాగున్నది!" అన్నాడు ఒకడు. శంకరయ్య కూడా నవ్వాడు. దుర్గమ్మకు తల కొట్టేసినట్టయింది.

తిరిగి వచ్చాక డాక్టరు నవ్వలేదు. "అమ్మా, ఉండవలసినదానికి దగ్గర దగ్గర రెండింతలున్నది. గుండె మీద బరువు పడుతున్నది. గిట్లనే ఉంటే ఈ ఎండకాలం గడవదు."

"ఏం జెయ్యాలె సారూ?" అంది దుర్గమ్మ.

"ఎకాఎకిన మాడ్చొద్దు. మెల్లగ దించాలె. పూటకు పిడికెడన్నం, దాంట్ల ఉడకబెట్టిన సొరకాయనో బీరకాయనో, రెండు కొవ్వులేని మాంసం ముక్కలు. నెయ్యి, చక్కెర, బిస్కెట్లు ముట్టియ్యొద్దు. సల్లపూట కొంచెం కొంచెం నడిపియ్యి. ఇంకోటి, ఒక్క చెయ్యే పెట్టాలె. ఇద్దరు పెడితే ఎవరెంత పెట్టిండ్రో ఎవరికీ తెల్వదు, కుక్క దక్కదు."

"మంచిగైనట్టు ఎట్ల తెలుస్తది?"

"పక్కటెముకలు నీ చేతికి తగలాలె. మీ ఇంటికి మెట్లున్నయంటున్నవు గద, ఇప్పుడైతే ఎక్కనియ్యకు. తగ్గినంక అదే ఎక్కుతది. రొప్పకుంట మీదిదాక ఎక్కిన రోజు మంచిగైనట్టే అనుకో."

సూర్యాపేటకు తిరిగి వచ్చే బస్సులో దుర్గమ్మ గంప ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. ఏమాలోచిస్తున్నావని శంకరయ్య అడిగితే ఏం లేదంది. ఉన్నదల్లా ఒకటే ఆలోచన. దీన్ని తగ్గించకపోతే చస్తుంది. తగ్గిస్తే మెట్లెక్కి ఆమె దగ్గరికి పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. గంపలోంచి పింకి మూతి బయటపెట్టి ఆమె మోచేతిని వాసన చూసింది. దుర్గమ్మ తువ్వాల సవరించి, "బతుకు ముందు" అని దానితో అంది.

తిండి తగ్గిన మొదటి రోజే పింకి దుర్గమ్మకు శత్రువైంది. సొరకాయ ముక్కలను వాసన చూసి, ఇదేమిటన్నట్టు ఆమె మొహంలోకి చూసి, గిన్నె బోర్లించింది. నెయ్యి కుండ ఉన్న అలమర ముందు కూర్చుని మొరిగింది. పిలిస్తే రాదు, తాకితే గుర్రుమంటుంది. తన చేతి పాలు తాగిన జీవి తనను చూసి గుర్రుమంటుంటే దుర్గమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. దాని ముందు తింటే దానికి ఆశ పుడుతుందని తానూ నెయ్యి మానేసింది. ఆదివారం మటను వండడం మానేస్తే శంకరయ్య గొణిగాడు.

"కుక్కకు పత్తెమైతే నాకెందుకే?"

"వాసనకే అది పానం పెడుతది. రెండు నెలలు ఓర్సుకో."

వారం దాటినా పింకి ఇంత కూడా తగ్గలేదు. సంగతేమిటా అని చూస్తే మెట్ల కింద బిస్కెట్టు పొడి కనపడింది. దుర్గమ్మ తల ఎత్తింది. పైన పిట్టగోడ మీద నుంచి ఒక చేయి చటుక్కున వెనక్కి పోయింది. వేరుపడ్డ తర్వాత, కేకలు తప్ప, ఆ ఇద్దరి మధ్య మాట అన్నది లేదు. ఆ రోజు దుర్గమ్మే మొదటి మెట్టు దగ్గర నిలబడి పిలిచింది.

"పార్వతీ! బిస్కెట్లు ఎయ్యకు."

పార్వతి పిట్టగోడ మీద నుంచి వంగి చూసింది. ఆమెకూ కోపంగానే ఉంది. "నా దగ్గరికి ఎలాగూ రాకుండా చేశారు. ఇప్పుడు తిండి కూడా మాన్పించారు. రోజంతా ఏడుస్తోందక్కా అది. ఎవరిమీది కక్ష దానిమీద తీర్చుకుంటున్నారు?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. దుర్గమ్మ సగమే చించుకుంది. గుండె మీద బరువు సంగతి, ఎండాకాలం గడవదన్న మాట, ఒక్క చెయ్యే పెట్టాలన్న మాట చెప్పింది. మెట్ల మాట మాత్రం మింగేసింది. పార్వతి వింటూ వింటూనే మొహం కొంగులో దాచుకుంది.

"నేనే చంపుకునేదాన్ని కదక్కా! ఇక మెతుకు కూడా వేయను. మీరే చూసుకోండి."

అంత సులువుగా ఒప్పుకుంటుందని దుర్గమ్మ అనుకోలేదు. రెండు మాటలు ఎదురు చెబితే నాలుగు అనాలని సిద్ధపడి వచ్చింది. అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. పైగా ఏడ్చినా అందంగానే ఏడ్చింది మహాతల్లి, ముక్కు కూడా ఎర్రబడలేదు. దుర్గమ్మ విసవిసా లోపలికి పోయింది.

తర్వాత నడక. పొద్దున్నే పింకి మెడకు తాడు కట్టి పెన్‌పహాడ్ రోడ్డు మీద కాస్త దూరం తీసుకుపోయేది. మొదట్లో అది నాలుగడుగులు వేసి రోడ్డు మధ్యలో చతికిలబడేది. ఎడ్లబండ్లు ఆగిపోయేవి. బండివాళ్లు నవ్వేవాళ్లు.

"అమ్మా, నువ్వు దాన్ని తోలుకపోతున్నవా, అది నిన్ను తోలుకపోతున్నదా?"

"నీ ఎడ్లను సూసుకో పో!" అని కసిరేది దుర్గమ్మ. కానీ నడక మానలేదు. ఎండలు మండిపోయిన రోజుల్లో వసారాలో తడి గోనెసంచి పరిచి దాన్ని పడుకోబెట్టేది, పక్కన కూర్చుని విసిరేది. రోహిణి కార్తె ఎండలు కూడా గడిచిపోయాయి. తొలకరి పడేసరికి పింకికి మళ్లీ మెడ కనపడింది. మెడ తాడు వదులైంది. సొరకాయకు అలవాటుపడి గిన్నె నాకడం నేర్చింది. దుర్గమ్మ మోకాలి మీద గదవ పెట్టి పడుకోవడం కూడా మళ్లీ మొదలుపెట్టింది. మిర్యాలగూడ తీసుకుపోతే కాటా దగ్గర హమాలీలు ఈసారి నవ్వలేదు. యోహాను డాక్టరు పక్కలు తడిమి, "దారిల పడ్డది. ఇంకొంచెం దించితే చాలు" అన్నాడు. దుర్గమ్మ జీవితంలో అంత సంబరపడ్డ రోజులు చాలా తక్కువ.

తొలి ఏకాదశి రోజున పింకి మొదటి మెట్టెక్కింది.

దుర్గమ్మ ఎదురింటి రోకలి తెచ్చుకుని రోట్లో పేలాలు దంచుతోంది. చూస్తుండగానే పింకి రెండో మెట్టెక్కింది, మూడోదీ ఎక్కింది. మలుపు దాకా పోయి అక్కడ నిలబడి ఒకసారి పైకి చూసింది, ఒకసారి కిందికి చూసింది. పేలాలపిండిలో బెల్లం, దండిగా నెయ్యి కలిపి పెద్ద ముద్ద కట్టింది. ఎన్ని నెలల తర్వాతో నెయ్యి ముట్టిన చేయి అది.

"పింకీ! రా బిడ్డా, రా!"

వాసన తగలగానే పింకి ఒక్క ఉరుకున దిగి వచ్చింది. ముద్ద మింగేసి దుర్గమ్మ అరచేయి, వేళ్ల సందులు, మణికట్టు అన్నీ నాకింది. తోక ఆగకుండా ఊగింది. అంత ప్రేమ దొరికాక మనిషి మానగలదా? ఆ మర్నాడూ ఒక ముద్ద, ఆ పై రోజు ఇంకోటి. మలుపు దగ్గరికి పోయినప్పుడల్లా ఒక ముద్ద పెట్టి దించడమే పనైంది. రెండు వారాల్లో మళ్లీ మొదటి మెట్టు దగ్గరే రొప్పసాగింది. దుర్గమ్మకు భయం వేసేది, వెంటనే నెమ్మదిగానూ ఉండేది.

తర్వాతిసారి మిర్యాలగూడకు పోయినప్పుడు డాక్టరు చేతులు పక్కల మీద ఆగిపోయాయి.

"మళ్ల ఇంకో చెయ్యి పడ్డట్టున్నదమ్మా. ఎవరు పెడుతున్నరు?"

దుర్గమ్మ వంగి గంపలో తువ్వాల సర్దసాగింది. శంకరయ్యే అందుకున్నాడు. "ఇంకెవరు సారూ, మీదింట్ల మా మరదలు. ఇదేమో దాన్ని కడుపుల పెట్టుకుని సూసుకుంటది."

ఆ మాట దుర్గమ్మకు పేలాలపిండి కంటే తియ్యగా ఉంది. దారి పొడవునా ఆ తీపి నోట్లోనే ఉంచుకుంది. కానీ శంకరయ్య అక్కడితో ఆగే మనిషి కాదు. ఇల్లు చేరగానే మెట్ల కింద నిలబడి గొంతెత్తాడు.

"ఏమ్మా పార్వతీ! ఒక్కసారి చెప్తే తెల్వదా? మీ అక్క తిండి మానుకుని దాన్ని బతికిస్తున్నది, నువ్వు దొంగతనంగ పెట్టి చంపుతున్నవ్! నీకు బుద్ధుండాలె!"

బీరన్న చెలకకు పోయి ఇంట్లో లేడు గానీ, వాడకట్టంతా వాకిళ్లలోకి వచ్చింది. పార్వతి పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

"నేను పెట్టలేదు బావగారూ. మెతుకు కూడా వేయలేదు. అక్కకు మాటిచ్చాను."

"అబద్ధాలాడకు! గాలి తిని బలిసిందా అది?"

పార్వతి దుర్గమ్మ వైపు చూసింది. అక్కా అని కూడా పిలవలేదు. ఇన్నేళ్లుగా నలుగురి ముందూ పార్వతి తలవంచుకోవాలని దుర్గమ్మ ఎన్నిసార్లు కోరుకుందో లెక్కలేదు. అదిగో, ఆ రోజు రానే వచ్చింది. కొమురమ్మ కూడా బుగ్గన వేలేసుకుని చూస్తోంది. కానీ గంపలో పింకి రొప్పుతోంది, ఆ రొప్పు దుర్గమ్మకు ఒక్కదానికే వినపడుతోంది. పార్వతే పెట్టిందని అందరూ నమ్మితే, రేపు కూడా తాను పెడుతుంది. ఎల్లుండీ పెడుతుంది. ఆపే వాళ్లుండరు.

"ఆమెనేమనకు" అంది దుర్గమ్మ. "ఆమె పెట్టలే. నేనే పెట్టిన."

శంకరయ్య నోరు తెరిచాడు. "నువ్వా? ఎందుకే?"

"మంచిగైతే మెట్లెక్కుతదన్నడు డాక్టరు. ఎక్కితే ఆమె దగ్గరికే పోతది. పోతె ఇగ నాకు రాదు. అందుకే పెట్టిన." చెబుతూ చెబుతూనే దుర్గమ్మ వలవలా ఏడ్చింది. పార్వతి లాగా అందంగా కాదు, ముక్కూ మొహం ఏకం చేసుకుని ఏడ్చింది.

పైనుంచి పార్వతి నెమ్మదిగా అంది, "అయితే దాన్ని నేను పిలవనక్కా. తలుపేసుకుంటాను. మీరు బెంగపడకుండా తగ్గించుకోండి."

అన్నట్టే చేసింది. ఆ రోజు నుంచి పై తలుపు మూసే ఉండేది. గాజుల చప్పుడు కూడా వినపడనిచ్చేది కాదు. అది కూడా దుర్గమ్మను కాల్చింది. అందంలో ఆమెదే పైచేయి, మాటలో ఆమెదే పైచేయి. చివరికి మంచితనంలో కూడా తనకొక మెట్టు మిగల్చలేదు. "కనీసం కొట్లాడినా బాగుండు కొమురక్కా" అంది ఎదురింట్లో కూర్చుని.

నెయ్యి కుండ కొమురమ్మ ఇంట్లోనే పెట్టేసి వచ్చింది దుర్గమ్మ. మళ్లీ పిడికెడన్నం, మళ్లీ సొరకాయ, మళ్లీ పెన్‌పహాడ్ రోడ్డు. వానలో గొడుగు పట్టుకుని కూడా నడిపించింది. కుక్క ముందు, ఆమె వెనుక. తన చీర కుచ్చిళ్లు కూడా వదులయ్యాయని గమనించుకోలేదు. బతుకమ్మ పండగ వచ్చేసరికి పింకి పక్కల మీద చేయి పెడితే బొచ్చు కింద ఎముకలు ఒక్కొక్కటే వేళ్లకు తగిలాయి. అవి తగిలిన రోజు దుర్గమ్మ చేయి వెనక్కి తీసుకోలేక చాలాసేపు అలాగే ఉంచింది.

అది శనివారం. శంకరయ్య మిర్యాలగూడ నుంచి రావలసిన రోజు. సాయంత్రం దుర్గమ్మ పింకి గిన్నె కడిగి, సొరకాయ అన్నం కలిపి పెట్టుకుని పిలవబోతోంది. పింకి అప్పటికే మెట్ల మీద ఉంది. మలుపు దగ్గర ఆగుతుందనుకుంది, ఆగలేదు. పై మెట్టు దాకా టకటకా ఎక్కిపోయి మూసిన తలుపు ముందు కూర్చుంది. రొప్పు లేదు. కాలితో తలుపు గీరి, సన్నగా మూలిగింది.

తలుపు తెరుచుకోలేదు. లోపల పార్వతి ఉందని దుర్గమ్మకు తెలుసు. కిటికీ సందులోంచి దీపం కనపడుతోంది. పింకి మళ్లీ గీరింది. ఈసారి గట్టిగా ఏడ్చింది. అయినా తలుపు కదల్లేదు. ఇచ్చిన మాట మీద నిలబడింది మహాతల్లి. కాసేపు ఊరుకుంటే చాలు, కుక్క విసిగి తానే దిగి వస్తుంది. కింద గిన్నె సిద్ధంగా ఉంది. తీర్పు ప్రకారం కుక్క ఎప్పటికీ తనదే. దుర్గమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఆ ఏడుపు విన్నది, ఎంత వినగలదో అంత విన్నది.

"పార్వతీ!" అని అరిచింది. "తలుపు తియ్యి!"

గడియ చప్పుడైంది. పింకి గాలిలోకి ఎగిరింది. పార్వతి ఏడుపో నవ్వో తెలియని గొంతు, ఆమె పిల్లవాడి కేరింత, పింకి మొరుగుడు అన్నీ ఒక్కసారే కిందికి వచ్చాయి. కాసేపటికి పార్వతి పిట్టగోడ మీద నుంచి వంగింది.

"అక్కా, దాని పాత గిన్నె ముందు కూర్చుంది. ఏం పెట్టమంటారు? కిందికి పంపనా?"

పంపమనడానికి నోరు తెరిచింది దుర్గమ్మ. కానీ కింద ఒక చేయి, పైన ఒక చేయి ఉన్న రోజుల్లో ఏమైందో ఆమె కళ్లారా చూసింది.

"పంపకు. పిడికెడన్నం. సొరకాయ నేనిస్త, కలుపు. నెయ్యి ఎయ్యకు, బిస్కెట్టు ముట్టియ్యకు. పొద్దున నడిపియ్యాలె. ఒక్క చెయ్యే పెట్టాలె అన్నడు డాక్టరు. ఇగ నుంచి నువ్వే పెట్టు." ఒక్క క్షణం ఆగి గొంతు పెంచింది. "వారానికోసారి నేను మీదికొచ్చి సూస్త! పక్కటెముకలు నా చేతికి తగలకపోతే, మైసయ్య మామ గాదు, వాళ్ల తాతొచ్చి చెప్పినా ఇన. ఎత్తుకపోత!"

సొరకాయ అన్నం గిన్నె మలుపు దాకా పోయి పార్వతి చేతికిచ్చి, ఆమె మొహం చూడకుండా దిగి వచ్చింది. ఓర్వలేనితనం ఇంత కూడా తగ్గలేదు. పొయ్యి ముందు కూర్చుని పైనుంచి వచ్చే ప్రతి చప్పుడూ వింటూ మండిపోయింది.

దీపాలు పెట్టే వేళకు శంకరయ్య వచ్చాడు. కాళ్లు కడుక్కుంటూ వసారాలో ఖాళీగా ఉన్న గోనెసంచి చూశాడు.

"కుక్క ఏదే?"

"మీద ఉన్నది."

"ఎవరు ఎత్తుకపోయిండ్రు?" అన్నాడు, గొంతులో కోపం రానిస్తూ.

"ఎవరూ ఎత్తుకపోలే" అంది దుర్గమ్మ, కంచం ముందు పెట్టి అన్నం వడ్డిస్తూ. "నేనే ఎక్కిచ్చిన."